కుడిచేతి కింద ఎడమ గేరు

ఒకే తప్పును ఇద్దరు మనుషులు, రెండు వేరు వేరు గదుల్లో కూర్చుని, పోటీపడి మరీ ఒప్పుకోవడం మిరియం తన డిటెక్టివ్ జీవితంలో ఎప్పుడూ చూడలేదు. తప్పు తమ నెత్తిన పడకుండా జారుకునేవాళ్లని పట్టుకోవడం ఆమెకి తెలిసిన విద్య. ఎగబడి నెత్తికెత్తుకునేవాళ్లని ఏం చెయ్యాలో తోచలేదు.

మొదటి గదిలో కోడలు. ఇసుక దిబ్బల మీదా రాళ్ల గుట్టల మీదా జరిగే పందేల్లో తన అత్తింటివాళ్లు తయారుచేసిన ట్రక్కుని నడిపేది ఆవిడే. ముక్కు మీద ప్లాస్టరు తప్ప ఒంటి మీద ఇంకో గీత లేదు.

"తప్పు నాదేనండీ," అంది మిరియం కూర్చోకముందే. "నిన్న ప్రాక్టీసులో ఇసుక వంపు దగ్గర గేరు పెంచబోయి తగ్గించాను. వెనక చక్రాలు పట్టేశాయి. ట్రక్కు గిర్రున తిరిగి పక్కకి ఒరిగింది. ఇంకేం లేదు."

"నాకు కారు నడపడం కూడా రాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి. ఎలా తగ్గించారు?"

"స్టీరింగు చక్రం వెనకాల రెండు ప్యాడిల్స్ ఉంటాయి, చక్రానికి రెండు చెవుల్లాగా. చేతివేళ్లతో లాగాలి. కుడిది లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. నేను ఎడమది లాగి ఉంటాను."

"లాగారా? లాగి ఉంటారా?"

కోడలు ఒక్క క్షణం తన కుడిచేతి వేళ్ల వంక చూసుకుంది. "కుడిదే లాగానని నా చెయ్యి చెబుతోంది. కానీ ట్రక్కులో ప్రతి కదలికనీ నమోదు చేసే పెట్టె ఎడమది లాగానని చూపించిందట. పెట్టెకి నామీద పగేముంది? నేనే తప్పు."

"మీ ఆడపడుచు వైరింగులో పొరపాటు చేసిందేమో!"

"నట్టు పొరపాటు చెయ్యడమా!" కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. "దాని మీద మాట పడితే ఊరుకోను. నన్ను పందెంలోంచి తీసెయ్యండి, ట్రక్కుని మాత్రం పరిగెత్తనివ్వండి. నాలుగేళ్లు నిద్రమానేసి చేసిందది."

"సరే, సరే. నిన్న ట్రక్కెక్కగానే మొట్టమొదట ఏం చేశారు?"

"సీటు వెనక్కి జరుపుకున్నాను. మోకాళ్లు గుద్దుకున్నాయి."

"సీటు ముందుకి ఎవరు జరిపారు?"

"నట్టేమో," అంది కోడలు, పెద్దగా పట్టించుకోకుండా.

రెండో గదిలో నట్టు. చిన్నప్పుడు నిజంగానే ఒక నట్టు మింగి ఆస్పత్రికి వెళ్లొచ్చినప్పట్నించి ఆ ఇంట్లో ఆమెకి అదే పేరు. ఇప్పుడు ఇంజినీరు. మనిషి తాటిచెట్టంత పొడుగు. గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి. ఆమె ట్రక్కు సీటుని ముందుకి జరుపుకుని కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయని మిరియంకి చూడగానే అర్థమైంది.

"తప్పు నాదే," అంది నట్టు. "కుడి వైరు ఎడమకీ, ఎడమ వైరు కుడికీ కలిపేసి ఉంటాను. మా వదిన లైసెన్సు జోలికి మాత్రం వెళ్లకండి."

"అలా కలిపితే బయల్దేరిన మొదటి నిమిషంలోనే తేడా తెలిసిపోదూ?"

"ఆ... తర్వాత మారిపోయి ఉంటాయి," అంది నట్టు.

"అబద్ధం చెప్పడం చేతకాకపోతే ముందు కాస్త సాధన చెయ్యాలమ్మాయ్," అంది మిరియం నవ్వుతూ. "నిన్నట్నించి ట్రక్కుని మళ్లీ చూశావా?"

"ఎక్కడ చూడనిచ్చారు? ఒరిగినదాన్ని లేపి షెడ్డులో పెట్టగానే విచారణకొచ్చిన ఇస్త్రీగారు చుట్టూ టేపు కట్టేశారు. నన్ను అడుగు పెట్టనివ్వడంలేదు."

"స్టీరింగు నువ్వే తయారుచేశావా?"

అప్పటిదాకా దిగులుగా ఉన్న మొహం మీదికి దీపం వెలిగించినట్టు వెలుగొచ్చింది. "ప్రతి మరా నేనే బిగించాను. స్టీరింగంటే తిప్పేది కాదండీ, వినేది. చక్రం కింద ఇసుక ఉందా, రాయి ఉందా, తడి ఉందా అన్నది నడిపేవాళ్ల అరచేతికి తెలిసిపోవాలి. మరీ తేలిగ్గా ఉంటే నేల మూగబోతుంది. మరీ బరువుగా ఉంటే చేతులు అలిసిపోతాయి. ఆ రెంటి మధ్యా సరైన చోటు వెతకడానికే నాకు ఏడాది పట్టింది." చెబుతూ చెబుతూ గాలిలోనే చక్రం తిప్పేసింది. అంతలో ఎక్కడున్నదీ గుర్తొచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మిరియం బయటికొచ్చింది. ఆమెకి ఆ వదినా మరదళ్లు ఇద్దరూ తెగ నచ్చేశారు. నచ్చినవాళ్ల కేసులో తొందరపడకూడదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది కాబట్టి ముందు మనసుకి ముక్కుతాడు వేసి, తర్వాత షెడ్డులోకి నడిచింది.

షెడ్డులో ఇస్త్రీ ఉన్నాడు. పందెం నిర్వాహకుల తరఫున ప్రమాదాల మీద విచారణ చేసే అధికారి. ఇసుకలో పనిచేస్తూ కూడా చొక్కా మీద మడత పడనివ్వడు కాబట్టి ఆ పేరు. రేపు పొద్దున పందెం. ఎవరు బయల్దేరాలో ఎవరు ఆగిపోవాలో ఈ సాయంత్రంలోపు చెప్పాల్సింది అతనే.

"వచ్చారా? మీకోసమే ఆగాను," అన్నాడు. "విచారణ అయిపోయింది. డ్రైవరు తప్పు. వంపులో కంగారుపడి ఎడమ ప్యాడిల్ లాగింది. పెట్టె చెప్పిన మాట అది."

"ఆవిడ చెయ్యి ఇంకో మాట చెబుతోంది."

"చేతి సాక్ష్యం ఏ చట్టంలోనూ లేదు. రెండు ప్యాడిల్సూ నేనే స్వయంగా లాగి చూశాను. కుడిది పెంచుతోంది, ఎడమది తగ్గిస్తోంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. అయినా మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు డ్రైవింగ్ లైసెన్సుందా?"

"పరీక్షకి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఒకే స్తంభం అడ్డొచ్చింది."

"స్టీరింగు పట్టుకోవడం రానివాళ్లు స్టీరింగు కేసు తేలుస్తారా?"

"హత్య చెయ్యడం కూడా నాకు రాదు. నాలుగు హత్య కేసులు తేల్చాను," అని టేపు కిందినించి దూరి, నిచ్చెన ఎక్కినట్టు ట్రక్కెక్కి డ్రైవరు సీట్లో కూలబడింది మిరియం. ఆమె పొట్టి మనిషి. కాళ్లు పెడల్స్‌కి జానెడు దూరంలో ఆగిపోయాయి. సీటు జరిపే పిడి లాగి ముందుకి తెచ్చుకుంది. పిడి నూనె రాసినట్టు హాయిగా కదిలింది. చివరిదాకా జరిపితే గానీ ఆమెకి పెడల్స్ అందలేదు. నిన్న పొద్దున కోడలి మోకాళ్లు గుద్దుకున్నాయంటే, అప్పుడు కూడా సీటు ఇలాగే చివరిదాకా వచ్చి ఉండాలి.

అంటే కోడలి కంటే ముందు ఈ సీట్లో తనంత పొట్టి మనిషెవరో కూర్చున్నారు.

"మీరు ప్యాడిల్స్ లాగి చూసినప్పుడు చక్రం ఎలా ఉంది?" అని అడిగింది.

"ఎలా ఉండడమేమిటి? తిన్నగా ఉంది. ఇప్పుడున్నట్టే."

"ప్రమాదం జరిగినప్పుడు?"

"వంపులో ఉంది కదా, అర చుట్టు తిరిగి ఉంటుంది. అయితే ఏమిటి? ఈ ట్రక్కులో ప్యాడిల్స్ చక్రానికి ఉండవు. వెనకాల కదలని కడ్డీకి క్లిప్పుతో పట్టించి ఉంటాయి. చక్రం ఎంత తిరిగినా కుడిది కుడివైపే, ఎడమది ఎడమవైపే ఉంటుంది. ఆ సంగతి తెలియకుండానే కేసు పట్టారా?"

ట్రక్కు ముందుభాగం జాకీల మీద గాలిలో ఉంది. ముందు చక్రాలకి నేల తగలడం లేదు. మిరియం బొమ్మకారు దొరికిన పిల్లలా స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని అర చుట్టు తిప్పింది.

ప్యాడిల్స్ కూడా తిరిగాయి.

కుడివైపున్న ప్యాడిల్ కిందనుంచి చుట్టు తిరిగి ఎడమవైపుకొచ్చి కూర్చుంది. ఎడమది కుడివైపుకి చేరింది. మిరియం కుడిచేత్తో తనకి కుడివైపున ఉన్న ప్యాడిల్ లాగింది. ముందున్న చిన్న తెర మీద ఎడమ ప్యాడిల్ గుర్తు వెలిగింది.

"పెట్టె నిజమే చెప్పింది," అంది మిరియం. "చెయ్యీ నిజమే చెప్పింది. ఇద్దరూ నిజం చెబుతుంటే మీరు ఒకర్ని అబద్ధాలకోరుని చేశారు."

ఇస్త్రీ టార్చి తీసి చక్రం వెనక్కి వంగాడు. అతనిలో మెచ్చుకోదగ్గ గుణం అదొక్కటే: కంటికి కనబడ్డదాన్ని కాదనడు. "ప్యాడిల్స్ బిగించిన పలక కడ్డీని క్లిప్పుతోనే పట్టుకుని ఉంది, బలంగా లాగితే తిరిగిపోతుంది. ఆ పలకకీ చక్రానికీ కలిపి ఒక రంధ్రం ఉంది. బిగించేటప్పుడు రెంటినీ సరిచూసుకోవడానికి. అందులో ఏదో గుచ్చారు. ఇనప తీగ..." వేళ్లతో పట్టి లాగాడు. "ఇదేం పనిముట్టు? ఏ షెడ్డులోనూ చూడలేదే!"

మిరియం దాన్ని చేతిలోకి తీసుకుంది. నల్లటి రంగు, మధ్యకి వంచిన లావుపాటి తీగ, ఒక కాలు కొద్దిగా వంకర. ఆమెకి పకాలున నవ్వొచ్చింది.

"మీకు పెళ్లయిందా?" అని అడిగింది.

"లేదు. దానికీ దీనికీ..."

"అందుకే గుర్తుపట్టలేదు. ఇది కొప్పులో పెట్టుకునే పిన్ను!"

నట్టుది మగపిల్లాడి క్రాపు. కోడలు హెల్మెట్ కిందకి జుట్టుని రబ్బరు బ్యాండుతో కట్టేస్తుంది. ఇక ఆ ఆవరణలో కొప్పున్న తల ఒక్కటే. షెడ్డు బయట నీడలో, పందెం దారికి వీపు తిప్పి, ఆ ఇంటి అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కోడలి పందెం కోటుకి చిరిగిన చెయ్యి కుడుతోంది. ఆవిడకి ట్రక్కులంటే గిట్టదని అందరూ మిరియంకి ముందే చెప్పారు. కోడలు ఎన్ని పందేలు గెలిచినా ఒక్కనాడూ దారివైపు తల తిప్పి చూడలేదట.

మిరియం పిన్ను చూపించింది. "ఇది మీదేనా అమ్మా?"

ఆవిడ చెయ్యి ఠక్కున కొప్పు మీదికి వెళ్లింది. "ఎక్కడ దొరికిందమ్మా? నిన్నట్నించి కొప్పు ఒక పక్కకి జారిపోతోంది!"

"స్టీరింగు చక్రం వెనకాల."

సూది గుడ్డలోనే ఆగిపోయింది. ఆవిడ మొహంలో రంగులు మారాయి. వెనకాలే వచ్చి నిలబడ్డ కోడల్నీ కూతుర్నీ చూసి ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"చక్రం వెనక రంధ్రంలో రెండు పెట్టాను," అంది మెల్లిగా. "ఒకటి తీశాను. రెండోది తీసేలోపు కోడలి స్కూటరు చప్పుడు వినబడింది. కంగారులో రెండూ తీసేశాననుకున్నాను. నా పిన్ను వల్లనా, నా పిల్ల బోల్తా పడింది?"

"అమ్మా, నువ్వా?" నట్టు గొంతు కీచుగా వచ్చింది. "ట్రక్కులోకి ఎందుకెక్కావు?"

"నడపడానికి. ఇంకెందుకెక్కుతారు?" కన్నీళ్లలోనే ఆవిడ గొంతులో కాస్త విసురు వచ్చింది. "మీ నాన్నని కట్టుకోకముందు రాతి గనిలో టిప్పరు తోలాను నేను. నిన్న తెల్లవారుతుండగా ఇక ఆగలేకపోయాను. నా వేళ్లు ఒకసారి చక్రం పట్టుకుంటే మళ్లీ వదలనివ్వవు, పట్టేస్తాయి. వంపులో చెయ్యి తీసి ప్యాడిల్ ఎక్కడుందో వెతుక్కోవడం నావల్ల కాదు. చేతులతోపాటు అవి కూడా తిరిగితే నాకు సుఖం. ఆ రంధ్రం సంగతి నువ్వేగా చెప్పావు? భోజనానికి కూర్చుంటే నీ నోట ఇంకో మాట వస్తుందా!"

కోడలు వచ్చి ఆవిడ కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. కోపగించుకుంటుందని అందరూ అనుకున్నారు.

"అత్తయ్యా, ఇసుక వంపు దాటారా?"

"దాటాను."

"ఏ గేర్లో?"

"మూడో దాంట్లో."

"మూడా!" కోడలు నోరు వెళ్లబెట్టింది. "నిన్నటిదాకా నేను రెండులోనే వెళ్తున్నాను! మూడులో వెళ్దామని నిన్న మొదటిసారి ప్రయత్నించబోయే కదా ఇదంతా అయింది! ఎలా దాటారు? ఎక్కడ తిప్పడం మొదలుపెట్టారు?"

"దిబ్బ కనబడ్డాక తిప్పితే ఆలస్యమైపోతుందే. ఇసుక బరువు చేతికి తెలుస్తుందిగా, అప్పుడే తిప్పాలి," అంటూ అత్తగారు కుడుతున్న కోటుని ఒళ్లో చక్రంలా పట్టుకుని తిప్పి చూపించింది. కోడలు ఆవిడ చేతుల మీద తన చేతులు పెట్టి అదే వాటంతో తిప్పింది. ఇద్దరూ కలిసి ఒక కోటుని నడుపుతున్నారు.

"మరి పందెం ఒక్కసారైనా చూడవేం అమ్మా?" అంది నట్టు.

"చూస్తూ కూర్చుంటే నా చేతులు ఊరుకుంటాయా?"

ముందు కోడలు నవ్వింది. తర్వాత నట్టు. అత్తగారు చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. మిరియం సంగతి సరేసరి, నవ్వడానికి ఆమెకి ఎప్పుడూ పిలుపు అక్కర్లేదు.

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "విచారణ ఫలితం. డ్రైవరు తప్పు లేదు. ట్రక్కు తప్పు లేదు." చొక్కా అంచు సర్దుకున్నాడు. "కొప్పు తప్పు. రేపు మీరు బయల్దేరవచ్చు."

ఆ మనిషి నోట్లోంచి హాస్యం రావడం ఎవరూ ఊహించలేదు. నట్టు తన పొడుగాటి చేతులతో వదినని గాల్లోకి ఎత్తేసింది. ముక్కు మీద ప్లాస్టరు ఊడిపోతోందని కోడలు కేకలు పెడుతోంది. ఆ గోలలోనే అత్తగారు, ఏదో మామూలు మాట చెప్పినట్టు, మిరియంతో అంది: "అంతా బాగానే ఉంది గానీ, స్టీరింగు మాత్రం నాకు నచ్చలేదమ్మా. అందుకే రాళ్ల దిగుడులోకి దిగకుండా వెనక్కి తిప్పేశాను."

నట్టు వదినని కిందకి దించింది. "నచ్చలేదా? నా స్టీరింగా?"

"ఎడమకి తిప్పితే మొదట ఏమీ జరగదు. కాస్త ఖాళీగా పోయి, అప్పుడు కదులుతుంది. కుడికి అలా లేదు. పిన్ను పెట్టకముందు షెడ్డులోంచి బయటికి తీస్తున్నప్పుడే చూశాను."

"ఖాళీయా? వెంట్రుకవాసి కూడా ఉండకూడదు!" నట్టు వదినవైపు తిరిగింది. "నీకూ అనిపించిందా?"

కోడలు నవ్వు తగ్గింది. "అనిపించింది. కొత్త వంపు భయంలో నా చేతులే బిగుసుకున్నాయేమో అనుకున్నాను. అంతలోనే ఒరిగిపోయాం కదా."

మిరియం ఇస్త్రీ వంక చూసింది. అతను అప్పటికే షెడ్డువైపు నడుస్తున్నాడు. ట్రక్కు కిందకి దూరడానికి చక్రాల పలక ఉన్నా దానికోసం చూడలేదు. ఆ మల్లెపువ్వులాంటి చొక్కాతోనే నేలమీద వెల్లకిలా పడుకుని లోపలికి పాక్కుంటూ పోయాడు. అవతలి పక్కనించి నట్టు దూరింది. మిరియం మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది.

"ఎడమ చక్రానికి వెళ్లే రాడ్డు," అన్నాడు ఇస్త్రీ. "దీని బోల్టు చూడండి. నట్టుగారూ, వెలుతురు ఇటు."

బోల్టు నడుం మీద రంపంతో కోసిన గాటు. సగం దాకా వెళ్లి ఆగింది. పైకి కనబడకుండా గ్రీజు మెత్తారు. వేలితో తుడవగానే లోపలి ఇనుము కొత్తగా మెరిసింది.

"రాళ్ల దిగుడులో మొదటి పెద్ద రాయి తగిలితే ఇది తెగేది," అంది నట్టు. "అక్కడ పక్కన లోయ. వదిన అక్కడిదాకా వెళ్లి ఉంటే..."

బయట నిలబడ్డ కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. జారిన కొప్పుతో, చేతిలో ఇంకా సూది దారంతో ఉన్న ఆవిడకి ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోడల్ని దగ్గరికి లాక్కుని నుదురు నిమిరింది, అంతే.

"ఈ బోల్టు నువ్వు బిగించిందేనా?" మిరియం నట్టుని అడిగింది.

"కాదు. నేను బిగించిన ప్రతిదాని మీదా పసుపురంగు గీత పెడతాను, మర కదిలితే తెలియడానికి. చూడండి, అన్నిటిమీదా పసుపు గీతా ఉంది, దాని పక్కనే ఎర్ర గీతా ఉంది. దీనిమీద ఎరుపు ఒక్కటే ఉంది."

"ఎరుపు ఎవరిది?"

ట్రక్కు కిందనించి ఇస్త్రీ మెల్లిగా బయటికొచ్చాడు. చొక్కా అంతా గ్రీజు. దాన్ని అతను గమనించనైనా లేదు.

"మాది," అన్నాడు. "మొన్న మధ్యాహ్నం పందెం ముందు తనిఖీ జరిగింది. మేము చూసి సరే అన్న ప్రతి బోల్టుకీ ఎర్ర గీత పెడతాం. ఆ రంగు బజార్లో దొరకదు, మేమే కలుపుకుంటాం. డబ్బా తాళం వేసి ఉంటుంది."

"తాళం చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా జేబులో ఉంది. నా మాట నమ్మాలో వద్దో మీ ఇష్టం."

మిరియం అతని గ్రీజు చొక్కా వైపూ, కళ్లలోకీ చూసింది. "నమ్ముతున్నాను. రెండోది?"

ఇస్త్రీ చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కుంటూ, ఎవరి మొహంలోకీ చూడకుండా చెప్పాడు.

"రెండోది మా పెద్దాఫీసరు దగ్గరుంటుంది. రేపు పొద్దున పందెం మొదలుపెడుతూ జెండా ఊపేది ఆయనే."